ఇరవై మూడు సెంటీమీటర్లు

ఎస్టోనియా పడమటి ఒడ్డు.
ఫిబ్రవరి నెల, పొద్దున ఏడున్నర, ఇంకా తెల్లవారలేదు.
ఉర్వె మోకాళ్ళ మీద కూర్చుని
గడ్డకట్టిన సముద్రానికి బెజ్జం పెడుతోంది.

బరమా తిరిగిన కొద్దీ
తెల్లటి పొట్టు, తర్వాత బూడిదరంగు పొట్టు,
ఆఖర్న గుటక వేసినట్టు ఒక చప్పుడు.
నీళ్ళు పైకొచ్చాయి.
కొలబద్ద దించింది. ఇరవై మూడు.

ఇరవై రెండుంటే చాలు, ద్వీపానికి దారి తెరవొచ్చు.
నిబంధన అది. గోడ మీద అంటించిందీ ఆమే.

గేటు దగ్గర ఒకటే వ్యాను.
వెనకాల తాళ్ళతో కట్టిన పళ్ళ డాక్టరు కుర్చీ.
అవతల కొత్త క్లినిక్కులో పదింటికల్లా బిగించాలట.
హెల్దుర్ అద్దం దించాడు. "ఎంత?"
"ఇరవై మూడు."
"అయితే గేటు తియ్."
"తియ్యను."

అనేశాక
ఎందుకన్నానా అని వెతుక్కుంది ఉర్వె.

నోరు ముందే వెళ్ళిపోయింది,
బుద్ధి వెనకాల బూట్లు తొడుక్కుంటూ పరిగెత్తింది.

గాలి దక్షిణానికి తిరిగింది, నిజమే,
కానీ అది గమనించింది మాట జారాక.
పొట్టు రంగంటారా, రోజూ ఉండేదే.
బరమా ఆఖరి రెండు చుట్లు
మరీ తేలిగ్గా దిగాయేమో,
ఆ సంగతి భుజానికి తెలిసీ
తలకి కబురు పెట్టలేదేమో.

రిజిస్టరులో ఒక గడి ఉంది: మూసివేతకు కారణం.
ఖాళీగా వదలడానికి వీల్లేదు.
"దక్షిణపు గాలి" అని రాసింది.
అబద్ధం కాదు.
అలాగని నిజం కూడా అక్కడ లేదు.

మన వైపు పెద్దవాళ్ళయితే
బుద్ధి కర్మానుసారిణి అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్ళు.
రాత చదువుదామంటే
ఆమె నుదుటి మీద కనుబొమల దాకా ఉన్ని టోపీ.
పైగా ఆ రాసేవాడికి
ఈ చలిలో వేళ్ళు వంగేవా అని నా అనుమానం.

హెల్దుర్ వదల్లేదు. అతని తప్పేం లేదు,
లెక్క అతని వైపే ఉంది.
"కొలిచేదీ నువ్వే, ఆ అంకెని నమ్మనిదీ నువ్వేనా?
మరి కొలవడం దేనికి?"
ఆమె దగ్గర జవాబు లేదు.
తాళంచెవి ఉంది.

ఆ క్షణంలో
సరే వెళ్ళు అనడానికీ ఆమెకి అంతే చోటుంది.
నన్ను పట్టుకుని వదలనిది ఇదే.
మొదటి "తియ్యను" ఎవరన్నారో నాకు తెలీదు:
భుజమో, పంతొమ్మిది చలికాలాలో,
తండ్రి గుర్రం లేకుండా
ఒక్కడే ఇంటికొచ్చిన రాత్రో.
కానీ అతను అంత సూటిగా అడిగాక,
కారణం దొరక్క, సిగ్గుపడుతూ,
కాసేపు ఆ ప్రశ్న వైపే నిలబడి ఆలోచించి
మళ్ళీ "తియ్యను" అంది చూడండి,
అది మాత్రం ఉర్వే అంది.

ఆ రోజు మంచు పగల్లేదు.
పగల్లేదుగా, నీదే తప్పంటాడు అతను.
ఎవరూ ఎక్కలేదుగా, అందుకే పగల్లేదేమో అని ఆమె.
మంచు సాక్ష్యానికి రాదు.

మధ్యాహ్నం హెల్దుర్ వ్యాను వెనకెక్కి
ఆ కుర్చీలోనే కాళ్ళు చాపుకుని
పొగబెట్టిన చేప తిన్నాడు.
ఆమెకీ ఒక ముక్క అందించాడు,
మొహం చూడకుండా.

మర్నాడూ ఇరవై మూడే. వెంట్రుకవాసి కూడా పెరగలేదు.
ఉర్వె మీనమేషాలు లెక్కపెట్టలేదు, గేటు తీసింది.
తెరిచిన రోజున కారణం రాయక్కర్లేదు,
ఆ గడి మూసినప్పటికే.

ముందు తన కారు.
ఈ దారిలో బెల్టు పెట్టుకోకూడదు,
మునిగితే దూకాలి గదా.
పాతికకీ నలభైకీ మధ్య వేగం పనికిరాదు,
కింద నీళ్ళు అల లేచి మంచుని తంతాయి.
బెల్టు విప్పింది.
ముల్లుని ఇరవై నాలుగు దగ్గర నిలబెట్టి
అద్దంలో వెనక్కి చూసింది.

కుర్చీ వస్తోంది.